బిల్లు లైన్లో మనల్ని చూసేదెందరు?

హైదరాబాద్‌లో ఎల్బీనగర్, మియాపూర్ మధ్య తిరిగే మెట్రో రైలుకు మూడు బోగీలు. కిక్కిరిసి ఎక్కితే సుమారు వెయ్యి మంది. ఆషాఢం డిస్కౌంట్ల రోజుల్లో అలాంటి రైలొకటి దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లో ఆగిందనుకుందాం. ఆ వెయ్యి మందిలో ఎందరికి, చీరల కౌంటర్ దగ్గర పక్కనున్న ఆవిణ్ని "కాస్త జరుగుతారా అండీ" అని అడగడానికి గొంతు పెగలదు? మామూలు మొహమాటం సంగతి కాదు నేనడిగేది. మొహమాటం లేని ఇల్లు తెలుగునాట ఎక్కడుంది? ఆ మాట అడగాల్సి వస్తుందేమోనని షాపుకు వెళ్లడమే మానేసేంత భయం సంగతి.

వైద్యులు దీన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. నలుగురిలో ఏదో తప్పు చేస్తాననీ, వాళ్లు నన్ను చులకనగా చూస్తారనీ కలిగే భయం రోజువారీ బతుక్కి అడ్డుపడేంతగా పెరగడమని దానర్థం. పలు దేశాల్లో జరిపిన 28 సర్వేలను కలిపి, లక్షా 42 వేల మందికి పైగా ఇచ్చిన జవాబులతో 2017లో ఒక లెక్క తేల్చారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది పడ్డవాళ్లు 4 శాతం. గడిచిన ఏడాదిలో పడ్డవాళ్లు 2.4 శాతం, గడిచిన నెలలో అయితే 1.3 శాతం. మన రైలు భాషలో చెప్పుకుంటే, వెయ్యి మందిలో ఎప్పుడో ఒకసారి పడ్డవాళ్లు 40 మంది, ఈ నెలలోనే పడుతున్నవాళ్లు 13 మంది.

"అది ప్రపంచం లెక్క, మన సంగతేమిటి?" అని మీరు అడగొచ్చు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 12 రాష్ట్రాల్లో 34,802 మంది పెద్దవాళ్లను ఇంటికెళ్లి పలకరించింది. సర్వే నాటికి సోషల్ యాంగ్జైటీతో ఉన్నవాళ్లు అర శాతానికి కాస్త తక్కువ తేలారు. అంటే మన రైల్లో ఐదుగురు. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ గురించి మనం వేసేది వేరే రాష్ట్రాల అంకెలను బట్టి వేసే అంచనాయే.

పదమూడెక్కడ, ఐదెక్కడ? మనవాళ్లు అంత ధైర్యవంతులా? నాకైతే నమ్మకం కుదరదు. ప్రపంచ లెక్కలో కూడా తక్కువ ఆదాయ దేశాల్లో ఈ అంకె చిన్నది, ధనిక దేశాల్లో పెద్దది. భయం ఒకటే అయినా దాన్ని బాధగా గుర్తించి బయటికి చెప్పడం అన్నిచోట్లా ఒకలా ఉండదు. మన ఇళ్లలో నోరు మెదపని అమ్మాయిని "చాలా నెమ్మది" అని మెచ్చుకుంటారు, ఎవరి కళ్లలోకీ చూడని అబ్బాయిని "బుద్ధిమంతుడు" అంటారు. పైగా ఈ సర్వేలో ఒక చిక్కుంది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే భయపడే మనిషి, గుమ్మంలోకి వచ్చిన కొత్త మనిషికే ఆ భయం గురించి చెప్పాలి.

ఏది మొహమాటం, ఏది జబ్బు? వైద్యులు వాడే కొలమానాల్లో ముఖ్యమైనవి రెండు. ఆ భయం ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి. దానివల్ల చదువో, ఉద్యోగమో, ఇంటి పనులో దెబ్బతినాలి. పండక్కి బట్టలు కొనేటప్పుడు ఇబ్బందిపడి, అయినా కొనుక్కుని వచ్చేశారంటే అది మొహమాటమే. మూడు పండగలుగా పక్కింటివాళ్ల చేత తెప్పించుకుంటున్నారంటే ఆలోచించాలి. అమెరికా సర్వేల ప్రకారం ఇది మొదలయ్యే వయసు మధ్యస్థంగా 13 ఏళ్లు, అంటే సగం మందికి ఆ వయసుకే మొదలైపోతుంది. ఇంటర్ అయ్యాక నల్గొండ నుంచో ఖమ్మం నుంచో కోచింగ్ కోసం వచ్చి చైతన్యపురి హాస్టల్లో దిగిన కుర్రాడికి ఈ భయం దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టలేదు, ఊరినుంచి తనతోనే వచ్చింది. ఇక్కడ దానికి రద్దీ తోడయింది, తన యాస ఎవరైనా పట్టేస్తారేమోనన్న బెంగ కూడా.

ఇంతకీ దీనికీ షాపింగ్‌కీ ఇంత లంకె ఎందుకు? ఈ భయాన్ని కొలిచేందుకు మైకేల్ లీబోవిట్జ్ అనే మానసిక వైద్యుడు 1987లో 24 సందర్భాల పట్టిక తయారుచేశాడు. ఇప్పటికీ వైద్యులు ఎక్కువగా వాడేది అదే. ఒక్కో సందర్భానికి భయం ఎంత, తప్పించుకోవడం ఎంత అని రెండు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం 144. ఆ 24లో రెండు అచ్చంగా షాపువే: కొన్న వస్తువు తిరిగివ్వడం, వదలకుండా అంటగట్టే సేల్స్‌మన్‌ను కాదనడం. ఇంకో ఆరు ఏ రద్దీ షాపులోనైనా ఎదురయ్యేవే. తెలియనివాళ్లతో మాట్లాడటం, కొత్తవాళ్లను కలవడం, తెలియనివాళ్ల కళ్లలోకి చూడటం, వాళ్లతో విభేదించడం, అందరి కళ్లూ తనమీదే ఉండటం, పదిమందిలో తినడం. ఈ ఆఖరిదానికి సందు మొదట్లో పానీపూరీ బండి చాలు. నా లెక్కన 24లో ఎనిమిది, అంటే మూడో వంతు భయాల్ని ఒక్క సాయంత్రపు షాపింగ్ తట్టి లేపగలదు. వాటికే గరిష్ఠంగా 48 మార్కులు. మొత్తం 30 దాటితేనే వైద్యులు అనుమానించడం మొదలుపెడతారు. మార్కులు చూసి మీకు మీరే జబ్బు నిర్ధారించుకోకండి. ఆ పని వైద్యులది.

ఇక అందరినీ వేధించే సందేహం: నిజంగా పక్కవాళ్లు మనల్ని అంతగా గమనిస్తారా? 2000లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగం అచ్చువేశారు. విద్యార్థి చేత సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్ట్ తొడిగించి, నలుగురున్న గదిలోకి పంపారు. ఎంతమంది ఆ బొమ్మ గమనించి ఉంటారని తర్వాత అడిగారు. దాదాపు సగం మంది అని అతని అంచనా. గదిలోవాళ్లను విచారిస్తే నిజంగా గమనించింది నాలుగో వంతుకూడా లేరు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర మీతో కలిపి పదమూడు మంది ఉన్నారనుకోండి. కార్డు పనిచేయక మీరు తడబడితే ఆరుగురు చూశారని మీకనిపిస్తుంది. చూసింది ముగ్గురు.

ఆ ప్రయోగం గదిలో జరిగింది, మన చీరల కొట్లో కాదు, నిజమే. మనవాళ్లు చూస్తారు. చూడటమే కాదు, "ఎంతకిచ్చారమ్మా?" అని అడుగుతారు, పల్లూ పట్టుకుని జరీ నలిపి చూస్తారు. కానీ ఆ చూపు ఎక్కడ పడుతోందో గమనించండి. మీ చేతిలోని చీర మీద. మీ గొంతు వణికిందో లేదో ఆవిడకు పట్టదు. అదే రంగులో ఇంకొకటి ఉందా లేదా అన్నదే ఆవిడ బెంగ. భయస్తులకు మాత్రం ఆ చూపు చీర దాటి ముఖం మీదికొచ్చినట్టే ఉంటుంది.

పక్కన ఎంతమంది ఉన్నారన్నదీ లెక్కలోకి వస్తుంది. 2005లో కెనడా పరిశోధకులు ముగ్గురు కలిసి అచ్చువేసిన అధ్యయనంలో, విద్యార్థుల్ని షాపులోకి పంపి బ్యాటరీలు కొనమన్నారు. బ్యాటరీలు పెట్టిన అర దగ్గర ఒకసారి ఎవరూ లేరు, ఒకసారి ఒక్కరున్నారు, ఒకసారి ముగ్గురు. వాళ్లు పలకరించలేదు, కనీసం చూడలేదు, ఊరికే నిలబడ్డారు. ఒక్కరున్నప్పుడు ఒంటరిగా ఉన్నప్పటికంటే ఇబ్బంది తగ్గింది. ముగ్గురయ్యేసరికి మళ్లీ పెరిగింది. పక్కన జనం ఉన్నకొద్దీ ఎక్కువ ఖరీదు బ్రాండ్ వైపు చెయ్యి వెళ్లడమూ కనిపించింది. "నాలుగొందల్లో చూపించండి" అని సేల్స్‌మన్‌తో అనాల్సిన మాట, పక్కనెవరో పట్టుచీరలు చూస్తుండటంవల్ల "ఎనిమిదొందల్లో" అయిపోవడం మనకు తెలియనిది కాదు. ఆ నాలుగొందలు భయం వసూలుచేసిన రుసుం.

ఇక దూరం సంగతి. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1966లో మనుషుల మధ్య దూరాలను కొలిచి చెప్పాడు. ఒకటిన్నర అడుగు లోపలికి బాగా కావలసినవాళ్లనే రానిస్తామన్నాడు. ఒకటిన్నర అడుగంటే సరిగ్గా ఒక మూర, మల్లెపూలు కొలిచే మూర. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పండగ సాయంత్రం పూలు మూరలకొద్దీ దొరుకుతాయి, మనిషికి మాత్రం ఒక మూర జాగా దొరకదు. షాపులో వెనకనుంచి తెలియనివాళ్ల చెయ్యి తగిలితే కొనేవాళ్లు త్వరగా బయటపడతారని 2012లో ఒక అధ్యయనం తేల్చింది. మామూలు మనిషికే అలా ఉంటే భయస్తుల సంగతి చెప్పేదేముంది?

తోటి కొనుగోలుదారుతో అసలు పరీక్ష మాత్రం లైన్లో వస్తుంది. "చిన్న బిల్లే, ఒక్క నిమిషం" అంటూ ఒకాయన ముందుకొచ్చి దూరతాడు. మీరేమంటారు? దీన్ని శాస్త్రీయంగా చూసింది మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ బృందం. వాళ్ల వ్యాసం 1986లో వచ్చింది. న్యూయార్క్‌లోని రైలు టికెట్ కౌంటర్ల వంటిచోట్ల 129 లైన్లలోకి తమ విద్యార్థుల్ని కావాలని దూర్చారు. మూడో మనిషికీ నాలుగో మనిషికీ మధ్య. ఒక్కరు దూరితే 54 శాతం లైన్లలో ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పారు. ఇద్దరు కలిసి దూరితే 91 శాతం. పట్టుకుని బయటికి లాగింది మొత్తమ్మీద పదింటిలో ఒకచోట. ఒక్కడే దూరినప్పుడు దాదాపు సగం లైన్లు కిమ్మనలేదన్నమాట. న్యూయార్క్‌వాళ్లకు నోరెక్కువని పేరు, అయినా.

ఇంతకంటే విలువైన అంకె ఇంకొకటుంది. కొన్ని లైన్లలో పరిశోధకులు ముందే తమ మనిషినొకరిని నిలబెట్టారు. దూరినవాడి వెనక ఉండి ఏమీ అనకుండా ఊరుకోవడమే ఆయన పని. అలా ఒక్కరు ఊరుకుంటే మిగతావాళ్ల అభ్యంతరాలు 54 నుంచి 25 శాతానికి పడిపోయాయి. ఇద్దరు వరసగా ఊరుకుంటే 5 శాతానికి. ఎందుకంటే లైన్లో అడిగే బాధ్యత దూరినవాడి వెంటనే వెనకున్న మనిషిదని అందరూ లోలోపల అనుకుంటారు. "ఆయనే ఊరుకున్నాడు, తెలిసినవాడేమో" అని వెనకవాళ్లు సర్దుకుంటారు. సోషల్ యాంగ్జైటీ ఉన్న మనిషి ఆ చోట నిలబడితే, ఆ మౌనాన్ని వెనక పదిమందీ ఒప్పుకోలుగా చదువుకుంటారు. ఆయనేమో లోపల చెమటలు పోసుకుంటూ, వెనకున్న పదిమందీ తన పిరికితనం చూసి నవ్వుకుంటున్నారనుకుంటాడు.

దీన్ని నిమిషాల్లోకి మార్చి చూద్దాం. ఒక్కో బిల్లుకు రెండు నిమిషాలనుకోండి, వెనక పదిమంది. దూరినవాడు మొత్తం ఇరవై నిమిషాలు కాజేశాడు, మనిషికి రెండు చొప్పున. ఇది పెద్ద నష్టమేం కాదు, నిజానికి చాలాసార్లు పోనివ్వడమే తెలివి. నష్టం ఎక్కడంటే, ఇష్టపడి పోనివ్వడానికీ అడగలేక పోనివ్వడానికీ తేడా ఉంది. రెండోరకంలో ఆ రెండు నిమిషాలు ఇంటికొచ్చాక రెండు గంటలవుతాయి. అలా అనాల్సింది, ఇలా అనాల్సింది అని రాత్రి పడుకునేదాకా నడిచే పునర్విచారణను వైద్యులు సోషల్ యాంగ్జైటీకి ముఖ్య లక్షణంగా చూస్తారు.

మిల్‌గ్రామ్ వ్యాసంలో నాకు బాగా నచ్చింది దూరిన విద్యార్థుల కథ. వాళ్లలో కొందరు ధైర్యం కూడగట్టుకోవడానికి ఆ చుట్టుపక్కలే అరగంట దాకా తచ్చాడారు. ముఖాలు పాలిపోయాయి, కొందరికి కడుపులో తిప్పింది. మనకు అతి ధైర్యవంతుడిలా కనిపించే ఆ దూరే మనిషికి కూడా లోపల ఎంతో కొంత గుబులుంటుందన్నమాట. (అందరికీ కాదులెండి. కొందరికి అలవాటైపోయి ఉంటుంది.)

"ఇంత గొడవెందుకు, ఫోన్లో ఆర్డరిస్తే పోలా?" సౌకర్యం కోసమైతే తప్పేంలేదు. కానీ భయం ఎదుర్కోకుండా తప్పించుకున్న ప్రతిసారీ మెదడు "అది నిజంగానే ప్రమాదం, తప్పించుకున్నాం" అని రాసుకుంటుంది. షాపులోకి వెళ్లి కూడా తప్పించుకోవచ్చు. ఎవరూ పలకరించకుండా ఫోన్లో తల దూర్చడం, అడగాల్సిన వాక్యాన్ని పదిసార్లు మనసులో చదువుకోవడం, చెయ్యి వణకడం కనబడకుండా సంచి గట్టిగా పట్టుకోవడం. వీటిని చికిత్సకులు సేఫ్టీ బిహేవియర్స్ అంటారు, భయం బయటపడకుండా చేసుకునే చిన్నచిన్న ఏర్పాట్లు. వీటితో ఆ పూట గడుస్తుంది, భయం మాత్రం పోదు. అలవాటు భయాన్ని తగ్గిస్తుందన్న ఆధారమూ ఉంది. కండోమ్‌ల కొనుగోలు మీద 2001లో వచ్చిన అధ్యయనంలో, పక్కన జనం ఉంటే సిగ్గు పెరిగింది. ఆ కొనుగోలు అలవాటున్నవాళ్లలో జనం ప్రభావం తగ్గింది. మెడికల్ షాపులో శానిటరీ ప్యాడ్లు నల్లకవర్ లేకుండా తీసుకునే అమ్మాయిని అడగండి, మొదటిసారికీ ఇప్పటికీ తేడా తనే చెబుతుంది.

అలవాటు చేసుకోవడం ఎలా? చికిత్సలో భయాలకు సున్నా నుంచి వందదాకా మార్కులు వేయించి, తక్కువ మార్కుల దానితో మొదలుపెడతారు. మన పేటలో ఇలా ఉండొచ్చు. మామూలు రోజు మధ్యాహ్నం, రద్దీ లేనప్పుడు, "ఈ లైన్ దేనికండీ?" అని ముందున్నవాళ్లను అడగడం ఇరవై మార్కుల పని. "అక్కా, ఈ చీర మీరు చూస్తున్నారా, నేను తీసుకోనా?" నలభై. రైతుబజార్లో టమాటాల గుట్ట దగ్గర ఇద్దరి మధ్య చోటుచేసుకుని ఏరుకోవడం యాభై. "అన్నా, లైన్ ఇటున్నది" అనడం డెబ్బై. ఒకటి సులువయ్యేదాకా దాన్నే మళ్లీ మళ్లీ చేయాలి, తర్వాతే పైది. ఇక పలకరిస్తే ముఖం తిప్పుకుంటారేమోనన్న సందేహానికి షికాగో రైళ్లలో చేసిన ప్రయోగం జవాబిస్తుంది. 2014లో వచ్చిన ఆ అధ్యయనంలో, పక్క ప్రయాణికుల్లో సగానికంటే తక్కువమందే మాట్లాడటానికి ఇష్టపడతారని జనం ఊహించారు. తీరా మాట కలిపినవాళ్లకు ప్రయాణం అనుకున్నదానికంటే హాయిగా గడిచింది.

అన్నిటికంటే పై మెట్టు వస్తువు వాపసివ్వడం. వెనక లైన్ పెరుగుతుంటే, అందరూ వింటుంటే, "ఇది చిరిగి ఉందండీ" అనాలి. ఇక్కడ ఒక చట్టం తోడుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనంటే అది అక్రమ వ్యాపార పద్ధతి. రంగు నచ్చలేదంటే ఈ హక్కు వర్తించదు, లోపముంటేనే. ఏడాదికి తొమ్మిదొందల కుర్తీలు నాలుగు అడగలేక అల్మారాలో పడేశారనుకుందాం, 3,600 రూపాయలు. నోరు పెగలనివాళ్లు బిల్లు చేతిలో పట్టుకుని, చిరుగు చూపించి, "30 రోజులు కాలేదండీ" అన్న ఒక్క ముక్క అంటే చాలు. అప్పటికీ కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

సొంతంగా చేసుకున్నా లాభం లేకపోతే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది. భయపెట్టే ఆలోచనను పరీక్షకు పెట్టి, పనిని మెట్టుమెట్టుగా చేయించే మాటల చికిత్స. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2013లో సూచించిన కొలత 14 విడతల దాకా, విడతకు గంటన్నర, నాలుగు నెలల్లో. మొత్తం 21 గంటలు, ఒక రోజుకు మూడు గంటలు తక్కువ. మొదటి అడుగుకు టెలిమానస్ ఉంది. 2022 అక్టోబర్‌లో మొదలైన ఉచిత ప్రభుత్వ ఫోన్ సేవ, నంబర్ 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా వెళ్లాలంటే ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఎల్బీనగర్‌లో ఎక్కిన అదే మెట్రో, ఎక్కడా మారకుండా ఎర్రగడ్డ స్టేషన్లో దింపుతుంది. ఆ ఊరి పేరు మన నోళ్లలో తిట్టుగా మారడం వల్లే చాలామంది ఆ స్టేషన్ దగ్గర దిగడానికి సిగ్గుపడతారు. ఈ భయస్తులకైతే ఆ సిగ్గు రెట్టింపు.

ఇక మీకు కాకుండా మీ చెల్లెలికో, మీ ఆయనకో ఈ భయముంటే? చాలామంది ప్రేమకొద్దీ చేసే పని, అన్నీ తామే మాట్లాడేయడం. బేరం మనమే, బిల్లు మనమే, "జరగండి" అనడం మనమే. అలా భయం బయటపడకుండా వాళ్లు చేసుకునే ఏర్పాట్లలో మనమూ ఒకటైపోతాం. "అంత భయమెందుకు, అడుగు" అని అందరి ముందూ గద్దించడం ఇంకా చెడ్డది. కౌంటర్‌కు పది అడుగుల ముందే, చిన్నగా, "సైజు నువ్వడుగు, బేరం నేనాడతా" అని పని పంచుకోండి. వాళ్లు అడిగేటప్పుడు పక్కనే ఉండండి, ఒక్కరే. బ్యాటరీల అర దగ్గర ఇబ్బంది తగ్గించిన అంకె అదే. మాట తడబడితే మధ్యలో అందుకోకండి, సేల్స్‌మన్ జవాబు చెప్పేదాకా ఆగండి. వచ్చే వారం సైజుతో పాటు రంగు కూడా వాళ్లనే అడగమనండి.